ఒకే బస్తా, అన్ని వయసుల కోళ్ళు

పశువైద్యం చదివి కోళ్ళ దాణా మిల్లులో పనిచేశానంటే చాలామంది నావైపు జాలిగా చూస్తారు. ఆస్పత్రిలో చోటు దొరకలేదు కాబోలు అనుకుంటారు. నిజానికి నేను కోరి చేరాను. ఉద్యోగం మానేసే రోజు దాకా ఆ పని నాకు విసుగు పుట్టించలేదు. అరవం మాట్లాడే సముద్రపొడ్డు ఊరు మాది, అక్కడి మేట్టుపాళయం పారిశ్రామిక వాడలో మా మిల్లు. పొద్దంతా మొక్కజొన్న పిండి గాల్లో తేలుతూ ఉండేది. సాయంత్రం ఇంటికి చేరితే మా అమ్మ నా జుట్టు దులుపుతూ, "నిన్ను పెనం మీద వేస్తే రొట్టె అయిపోతావే" అనేది.

ఈ మధ్య అదే మిల్లులో చేరిన ఇద్దరు అమ్మాయిలు నన్ను చూడడానికి వచ్చారు. నెల్లూరు వైపు వాళ్ళు. "మేడమ్, ఈ ఉద్యోగంలో అసలు పని ఏంటి?" అని అడిగారు. కాఫీ తాగే లోపల చెప్పేసే సంగతి కాదది. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నా చదవడం, రాయడం వచ్చింది నాకొక్కదానికే, ఆంధ్రాలో చదువుకోవడం వల్ల. అందుకని వాళ్ళ కోసం రాస్తున్నాను.

పెద్ద ఫారాల వాళ్ళకు మన సలహా పెద్దగా అక్కర్లేదు. వాళ్ళ కోళ్ళన్నీ ఒకే రోజు పుట్టినవి, ఒకే తిండి తింటాయి. చిక్కంతా పెరట్లో పెంచుకునే వాళ్ళకే. వాళ్ళ దగ్గర ఒక పుంజు, గుడ్లు పెట్టే పెట్టలు, ఎదిగీ ఎదగని కోళ్ళు, మొన్న పొదిగిన పిల్లలు, అన్నీ ఒకే పళ్ళెం చుట్టూ చేరతాయి. ఆ ఇంటివాళ్ళకు కొనే తాహతు ఒక్క బస్తాకే. ఆ ఒక్కటి ఏది కావాలి? నేను తప్పు చేసి నేర్చుకున్న జవాబు ఇదే.

దాణా ముఖ్యంగా మూడు రకాలు. చిన్న పిల్లలకు స్టార్టర్. అందులో మాంసకృత్తులు ఎక్కువ, ధరా ఎక్కువే. ఎదిగే కోళ్ళకు గ్రోవర్, మా మిల్లులో మూడింటిలోకీ అదే చవక. గుడ్లు పెట్టే పెట్టలకు లేయర్. గుడ్డు పెంకు గట్టిగా రావాలని అందులో సున్నపురాయి పొడి బాగా కలుపుతారు. ఈ మాత్రం తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది.

తల ఎత్తకుండా చెప్పిన జవాబు

అది నేను చేరిన రెండో ఏడు. మిల్లు గేటు పక్కన చిల్లర అమ్మకాల గది ఉండేది. వారానికి రెండు రోజులు అక్కడ నా కుర్చీ. ఒక మధ్యాహ్నం ముత్తియాల్‌పేట నుంచి ఒకావిడ ఆటో దిగి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పేరు రుక్మిణి. నోరు తెరవగానే మా తెలుగు మనిషేనని తెలిసింది.

"తీవనం కావాలమ్మా," అంది. దాణాను అరవంలో అనే మాటే మా ఊరి తెలుగులోనూ వాడతాం. "కోళ్ళు గుడ్లు పెడతాండాయి. ఏది వేసేది?"

నేను ఏదో రిజిస్టరు నింపుతున్నాను. "గుడ్లు పెడుతుంటే లేయర్ తీసుకోండి."

"అన్నిటికీ అదేనా?"

"అన్నిటికీ అదే," అన్నాను, తల ఎత్తకుండానే.

ఆమె అడిగిన 'అన్నిటి'లో పదహారు కోడిపిల్లలు కూడా ఉన్నాయని నాకు తెలియదు. అడిగి ఉంటే తెలిసేది.

నాలుగు వారాల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది, చేతిలో గుడ్డసంచితో. దాన్ని బల్ల మీద పెట్టి ముడి విప్పింది. లోపల మూడు చచ్చిన పిల్లలు.

"పదారులో ఏడు మిగిలినాయి," అంది. "తుమ్ము లేదు, పారుడు లేదు. ఊరికే నీళ్ళు తాగతా ఉంటాయి. రెక్కలు వేలేసి కూచుంటాయి. పొద్దున పోయి చూస్తే ఒకటి పోయుంటాది. ఏందిది, డాక్టరమ్మా?"

భర్త కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం మూతపడ్డాక ఆ ఇంటికి కోడిగుడ్లే ఆధారమని తర్వాత తెలిసింది. వీధిలో బాలింతలకు, చంటిపిల్లల తల్లులకు నాటుకోడి గుడ్లు అమ్మేది ఆమే. పెట్టలు ముదిరిపోతున్నాయని, వాటి స్థానంలోకి రావాలని ఆ పదహారింటినీ పొదిగించింది.

వెనక గదిలో ఒక పిల్లను కోసి చూశాను. గుండె మీదా కాలేయం మీదా సుద్ద చల్లినట్టు తెల్లటి పొర. మూత్రపిండాలు ఉబ్బి పాలిపోయి ఉన్నాయి. అనుమానానికి తావే లేదు. పెట్టలకు పెంకు కోసం వేసే సున్నాన్ని ఆ పసి మూత్రపిండాలు తట్టుకోలేకపోయాయి. కాలేజీలో ఇదే ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

చేతులు కడుక్కుంటూ ఆలోచించాను. ఏదో తెగులు అనేయొచ్చు. ఆమె నమ్ముతుంది. మందు రాసిస్తే తీసుకుని వెళ్ళిపోతుంది. వెళ్ళి మిగిలిన ఏడింటికీ అదే దాణా వేస్తుంది. అది తలచుకున్నాక ఇక ఆగలేదు, బయటికి వచ్చాను.

"ఇది రోగం కాదమ్మా. తప్పు నాది. పిల్లలున్నాయా అని నేను అడగాల్సింది. ఈ దాణా పెట్టలకు మంచిది, పిల్లలకు పడదు."

ఆమె నన్నే చూసింది. "నేను అడిగినా కదా, అన్నిటికీ అదేనా అని."

"అడిగారు."

"నువ్వు నా ముఖం గూడా చూడకనే చెప్పినావు."

"అవునమ్మా."

తిట్టి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది. ఆమె తిట్టలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. "సరి. ఆ ఏడింటికి ఇప్పుడేం పెట్టేది? ముందు అది చెప్పు."

ఆరుముగం గారి శిక్ష

మా మేనేజరు ఆరుముగం గారికి తెలుగు రాదు. ఆయన అరవంలో అన్న మాటలనే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. రోజూ పొద్దున్నే కలిపిన ప్రతి రకం దాణా నుంచీ ఒక చిటికెడు నోట్లో వేసుకుని నమిలి చూసేవాడు. ఎండుచేపల పొడి ఎక్కువ పడిన రోజుల్లో మధ్యాహ్నం భోజనానికి ఆయన పక్కన కూర్చోకుండా మేమంతా తప్పించుకు తిరిగేవాళ్ళం. అంత అసాధ్యుడైన మేనేజరును నేను మరొకర్ని చూడలేదు.

ఒకసారి వానలో తడిసిన మొక్కజొన్న లారీ వచ్చింది. అమ్మేవాడు ధర సగానికి సగం తగ్గిస్తానన్నాడు. యజమాని కూడా సరేనన్నాడు. ఆరుముగం గారు గుప్పెడు గింజలు తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. తడి గోడౌను వాసన. "బూజు కంటికి కనిపించే లోపే ముక్కుకు తెలుస్తుంది. దీన్ని తింటే పెద్ద కోడి నీరసపడుతుంది, పిల్ల అయితే చచ్చిపోతుంది. దీన్ని చవక అనకు," అని లారీని వెనక్కి తిప్పించాడు. యజమాని వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎన్ని పోయాయి?"

"తొమ్మిది సార్."

"రేపు ఆఫీసుకు రావద్దు. ఆ అమ్మ పెరట్లో పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చో. సలహాలు ఇవ్వకు. ఏ కోడి ఎప్పుడు ఏం తింటుందో చూసి రాసుకుని రా."

పుస్తకాలన్నీ చదివిన దాన్ని, అంతకుముందు ఎప్పుడూ కోళ్ళు తినడం కూర్చుని చూడలేదు.

పెరట్లో ఒక రోజు

రుక్మిణి గారు నాకు పీట వేసింది. కోపం ఇంకా తగ్గలేదు గానీ, పొద్దున్నే వచ్చినదాన్ని తినకుండా కూర్చోనివ్వడం ఆమెకు చేతకాదు. రెండు ఇడ్లీలు తెచ్చి చేతిలో పెట్టింది. "తిను. నువ్వు తింటా వాటిని చూడు. అవీ నిన్ను చూస్తాయి."

ఆమె కోళ్ళన్నిటికీ పేర్లున్నాయి. ముసలి పెట్ట పేరు కలెక్టరు. ఎందుకంటే అది వచ్చే దాకా ఎవరూ పళ్ళెం ముట్టరు. నల్ల పెట్ట మునిసిపాలిటీ, వీధిలో ప్రతి చెత్తకుప్పనూ తనిఖీ చేస్తుంది. పుంజుకు మాత్రం పేరు లేదు. "మొగోడికి పేరు దేనికి, వాడు అరిస్తే తెలస్తాది కదా," అంది.

దాణా వేయగానే ఏం జరిగిందో రాసుకున్నాను. మొదట కలెక్టరు, వెనక మిగతా పెట్టలు. పుంజు ఒక గింజ తీసి పెట్టల ముందు పడేసి గొప్పగా కూస్తుంది. ఎదిగీ ఎదగని నాలుగు కోళ్ళు దూరం నుంచి పరుగున వచ్చి ఒక్కో ముక్క ఎత్తుకుని పారిపోతాయి. చివర పిల్లలు. వాటికి మిగిలేది అడుగున ఉన్న మెత్తటి పొడి. సున్నపురాయి పొడి దిగి చేరేది సరిగ్గా అక్కడికే. నా తప్పు నేను అనుకున్నదాని కంటే పెద్దదని ఆ పీట మీద కూర్చున్నాకే తెలిసింది.

నేను పిల్లల కోసమని కొంచెం స్టార్టర్ తెచ్చాను. వేరే పళ్ళెంలో పెట్టగానే కలెక్టరు పరుగెత్తుకు వచ్చి పిల్లల్ని తోసేసి తినడం మొదలుపెట్టింది. రెండుసార్లు అదిలించాను. మూడోసారి అది నన్ను పొడిచింది. రుక్మిణి గారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. అప్పుడు మొదటిసారి నవ్వింది.

"కాలేజీలో ఇది చెప్పలేదా?" అంటూ వచ్చి, కోళ్ళను మూసి పెట్టే వెదురు గంపను తీసి ఆ పళ్ళెం మీద బోర్లించింది. గంప అల్లికలో సందులు పెద్దవి. ఏడు పిల్లలూ ఒక్కొక్కటిగా సందుల్లోంచి లోపలికి దూరాయి. కలెక్టరు గంప చుట్టూ మూడు చుట్లు తిరిగింది. తల పట్టింది గానీ ఒళ్ళు పట్టలేదు. లోపల పిల్లలు తాపీగా తింటున్నాయి.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని లెక్క తేల్చుకున్నాం. మందకంతటికీ ఒకే బస్తా గ్రోవర్. అది ఎవరికీ కీడు చేయదు, చవక కూడా. గంప కింద పిల్లలకు మాత్రం పిడికెడు స్టార్టర్, రెండు నెలలు నిండే దాకా. రుక్మిణి గారు మా ఇంటిపేరు, మా అమ్మ పుట్టిల్లు అడిగి వరస కలిపేసింది. "ఇంక అమ్మా గిమ్మా అనొద్దు. అత్తా అను చాలు."

తోలుగుడ్లు

ఏడు పిల్లలూ తేరుకున్నాయి. రెక్కలు లేచాయి. నేను ఆఫీసులో కొంచెం తల ఎత్తుకుని తిరిగాను. అలా తిరిగింది పదిహేను రోజులే. ఒక పొద్దున అత్త ఫోన్లో తన మాటలు రికార్డు చేసి పంపింది. ఆమెకు చదవడం రాదు, ఏ సంగతైనా గొంతులోనే పంపేది.

"సుశీలా, గుడ్డు చేత్తో పట్టుకుంటే బెలూను మాదిరి ఉండాది. పెంకే లేదు. నిన్న రెండు, ఈ పొద్దు మూడు. మా వీధి మీనాక్షి బిడ్డకు ఇచ్చే గుడ్లు యాడ నుంచి తెచ్చేది నేను?"

పిల్లల్ని కాపాడే తొందరలో పెట్టల్ని మరిచిపోయాను. లేయర్ మానేస్తే పెంకుకు కావలసిన సున్నం ఎక్కడి నుంచి వస్తుంది? మళ్ళీ లేయర్ వేస్తే పిల్లలు చస్తాయి. రెండు బస్తాలు కొనమనే ధైర్యం నాకు లేదు.

ఆటో ఎక్కి ముత్తియాల్‌పేట వెళ్ళాను. అత్త నన్ను నేరుగా పెరటి గోడ దగ్గరికి తీసుకుపోయింది. కొత్తగా సున్నం కొట్టిన గోడ. కోడి తల ఎత్తు దాకా, ఇటుక కనిపించేలా పొడిచి తినేసి ఉంది.

"చూడు. నాలుగు దినాలుగా ఇదే పని. పెట్టలు మాత్రమే తింటాండాయి. పుంజు పోదు, పిల్లలు పోవు. వాటికి కావాల్సింది వాటికి తెలస్తాండాది, మనకే తెలీలా."

నేను వంగి ఆ గోడను గీకితే గోటికి సున్నం అంటింది. ఆమె చెప్పిన దాంట్లోనే జవాబు ఉంది. సున్నం దాణాలో కలిపితే అందరూ తినాలి. విడిగా పెడితే కావలసినవాళ్ళే తింటారు.

"అత్తా, సముద్రపు గుల్లలు దొరుకుతాయా?"

సరిగ్గా అప్పుడే వీధిలో చేపల కేక వినిపించింది. జాలరిపల్లె వైతికుప్పం నుంచి రోజూ తల మీద గంప పెట్టుకుని వచ్చే అంజలై. అత్త ఆమెను లోపలికి పిలిచి, చేపలు వద్దు, ఒడ్డున పారేసే గుల్లలు, ఆల్చిప్పలు కావాలంది. అంజలై గంప దించి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె అరవంలో అడిగింది ఇది: "ఇన్నేళ్ళుగా చేపలు అమ్ముతున్నా. వల దులిపి పారేసేది కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"కోళ్ళకమ్మా," అన్నాను.

"కోళ్ళకా. అయితే సరే," అంది, మనుషులకు కాదని ఊపిరి పీల్చుకుంటూ.

మర్నాడు సంచి నిండా తెచ్చింది. బదులుగా అత్త గుడ్లు ఇస్తానంది, గట్టి పెంకు వచ్చాకే తీసుకుంటానని అంజలై షరతు పెట్టింది. గుల్లల్ని ఉప్పు పోయేలా కడిగి, ఎండబెట్టి, రోట్లో వేసి కందిగింజంత ముక్కలుగా దంచాం. ఒక పాత డబ్బా మూతలో పోసి గోడ పక్కన పెట్టాం. పిల్లలు వచ్చి ఒకసారి పొడిచి, బాగాలేదని వెళ్ళిపోయాయి. సాయంత్రం గూటికి చేరే ముందు కలెక్టరు వచ్చింది. గబగబా ఇరవై ముప్ఫై ముక్కలు మింగింది. దాని వెనక మునిసిపాలిటీ, దాని వెనక మిగతా పెట్టలు, రేషను షాపు ముందు నిలబడ్డట్టు.

వారం తిరక్కముందే అత్త గొంతు వచ్చింది. ముందు మాటలేం లేవు. టక్, టక్ అని చప్పుడు. తర్వాత ఆమె నవ్వు. "గుడ్డును చెంబు మీద కొడతాండా, సుశీలా. రెండు దెబ్బలకు గానీ పగల్లేదు."

ఆ చప్పుడును ఆరుముగం గారికి వినిపించాను. ఆయన ఇంకోసారి పెట్టమన్నాడు.

కొత్తగా చేరేవాళ్ళకు నాలుగు మాటలు

ఇప్పుడు కొంచెం నిష్ఠూరంగా మాట్లాడతాను. కంపెనీ మిమ్మల్ని ఎక్కువ బస్తాలు అమ్మమంటుంది. పెరటి కోళ్ళ వాళ్ళకు మూడు రకాలూ అంటగట్టడం కష్టమేమీ కాదు. అమ్మకండి. వాళ్ళు మూడు నెలలు కొని, నష్టపోయి, కోళ్ళనే మానేస్తారు. అలా మానేసిన ఇళ్ళు నేను చాలా చూశాను.

బస్తా అడిగితే ముందు మందలో ఎవరెవరున్నారో అడగండి. అన్నం మెతుకులు, నూకలు మాత్రమే వేసి చవకగా పెంచుతున్నామనే వాళ్ళతో వాదించకండి. ఆ కోడి నెలకు ఎన్ని గుడ్లు పెడుతోందో అడిగి ఊరుకోండి, వాళ్ళే ఆలోచించుకుంటారు. మునగాకు, కూరల తొక్కలు, చెదలు మంచివే గానీ దాణాకు తోడు మాత్రమే. పెద్ద బస్తా చవకని కొని, వానాకాలంలో అడుగున బూజు పట్టనిస్తే, దాని కంటే ఖరీదైన దాణా లేదు.

ఈ చివరి మాట మీదే నేను ఆరుముగం గారితో ఆరు నెలలు పోరాడాను. గ్రోవర్‌ను చిన్న సంచుల్లో కట్టి, గుల్లల పొట్లం విడిగా ఇద్దామని. "పెద్ద మిల్లు చిల్లర కొట్టు పెడుతుందా?" అనేవాడు. నేను వాదించడం మానేసి ఆయన్ని అత్త పెరట్లోకి తీసుకువెళ్ళాను. ఆయనా ఒక పొద్దంతా పీట మీద కూర్చున్నాడు, ఆయనా ఇడ్లీలు తిన్నాడు. పోయేముందు డబ్బా మూతలోంచి ఒక గుల్ల ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? పన్ను కదిలింది. మర్నాడు దవడ పట్టుకునే చిన్న సంచులకు సంతకం పెట్టాడు.

శనివారం తరగతి

చిన్న సంచులు మొదలయ్యాక కొనేవాళ్ళు పెరిగారు. అందరికీ అవే సందేహాలు. ఒక శనివారం సంచులు కట్టే షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి చెబుదామనుకున్నాం. ఇరవై మందికి పైగా వచ్చారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. తోడుగా ఉంటుందని రుక్మిణత్తను రమ్మన్నాను. ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.

నేను గోడకు పటం తగిలించి మొదలుపెట్టాను. మాంసకృత్తుల శాతం దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలో ఇద్దరు ఆవలించారు. ఒకావిడ ఫోను తీసింది. నేను గొంతు పెంచాను. ఆవలింతలు ముందు వరసకు పాకాయి.

అత్త లేచింది. "సుశీలా, నువ్వు కొంచెం సుమ్మా, ఊరికే కూచో," అని నా భుజం మీద చెయ్యి వేసి కుర్చీలోకి దించింది. వాళ్ళ వైపు తిరిగి అరవంలో మొదలుపెట్టింది. పటం ఊసే ఎత్తలేదు. "మీ ఇంట్లో పళ్ళెం దగ్గరికి ముందు ఎవరొస్తారు? చెప్పండి," అంది. ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. ఒకరి ఇంట్లో పుంజు రౌడీ. ఇంకొకరి ఇంట్లో బాతు వచ్చి కోళ్ళ తిండి తింటుంది. షెడ్డంతా నవ్వులు. ఆ నవ్వుల మధ్యే ఆమె చెప్పాల్సిందంతా చెప్పేసింది, ఒక్క శాతం లేకుండా.

బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన చెయ్యి ఎత్తాడు. "అమ్మా, మీరు ఇదంతా ఎక్కడ చదువుకున్నారు?"

ఆమె నా వైపు చూపించింది. "ఈ పాప తప్పు చేసింది. చేసినానని నా ఇంటికొచ్చి కూచునింది. ఆ పైన ఇద్దరం కలిసి చదువుకున్నాం."

వెనక నిలబడ్డ ఆరుముగం గారు అందరి కంటే గట్టిగా నవ్వాడు. ఆ తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరి కోసమో తెలియదు గానీ నేనూ కొట్టాను.

తరగతి అయ్యాక సందేహాలు అడగండని రెండు కుర్చీలు వేశాం, ఒకటి నాకు, ఒకటి అత్తకు. నా ముందు ఎవరూ లేరు. ఆమె ముందు వరస షెడ్డు దాటి గేటు దాకా పోయింది. కొంతసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాను. తర్వాత లేచి చీర కొంగు బిగించాను. ఆమె ఒక్కొక్కరినీ అడిగి, విని, "సుశీలా, ఈయమ్మకు చిన్న సంచి ఒకటి, గుల్లలు రెండు" అని కేక వేస్తుంటే సాయంత్రం దాకా సంచులు అందించాను. నా ఉద్యోగం మొత్తంలో అంత సంతోషంగా పనిచేసిన రోజు ఇంకొకటి లేదు.